జడల స్వెట్టర్ ధారణ పర్వం

సకలజన నిద్రాప్రదాయినియగు ఆదివారపు అపరాహ్ణ వేళ, చలిగాలి కిటికీ రెక్కల సందున చొరబడి ఇంటివారి ముక్కుపుటములను ముట్టడించుచుండగా, రంగు వెలిసిన సోఫాకును, ఇస్త్రీకి నోచుకొనక గుట్టపడిన వస్త్రపర్వతమునకును నడుమనున్న జానెడు మైదానమునందు, వదినామరదళ్ల మధ్య సంభవించిన ఘోర సంగ్రామ మిది, చెవియొగ్గి వినుడు. విద్యకొక తల్లి గలదు, సిరికొక తల్లి గలదు. ఊలు ఉండకు మాత్రము అధిదేవత ఎవరో పెద్దలు సెలవియ్యలేదు. కావున, ఊలు చిక్కుపడినపుడు మన నోట అప్రయత్నముగా వెడలు దేవుని పేరు ఏదియో, ఆ దేవుడే ఈ కథను కాచుగాక.

పెద్ద పెద్ద మాటలు యుద్ధానికి దాచుకుని, ముందు యుద్ధకారణం మామూలు మాటల్లో చెప్పుకుందాం.

ఈ కథానాయిక ఆ ఇంటి కోడలు. భర్త పరుపుల కొట్టు నడుపుతాడు. అమ్మే సరుకుకూ అమ్మేవాడికీ పోలిక రావడం లోకంలో ఉన్నదే. ఆయన కూడా ఎక్కడ నొక్కితే అక్కడ లోపలికి పోయి, చెయ్యి తీయగానే మళ్లీ మామూలుగా పైకి వచ్చే మెత్తని మనిషి. ఆయన అక్క, అంటే కోడలికి వదినగారు, కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. పగలంతా పరుల చూపులో లోపాలు వెతికే వృత్తి. సాయంత్రం ఇంటికి వచ్చాక కూడా ఆ వృత్తిధర్మాన్ని వదలని నిష్ఠ.

ఇక అత్తగారు. ఒకప్పుడు ఆమె అల్లని స్వెట్టర్ ఆ వీధిలో లేదు. ఇప్పుడు కీళ్లనొప్పులకు వేళ్లు బిగుసుకుపోయాయి. ఆమె నల్లచెక్క సూదులు మాత్రం, ఆమె చేతి రాపిడికి అద్దంలా నున్నబడి, అలమారా పై అరలో పడుకున్నాయి. చలి మొదలైనప్పుడు ఆమె కూతురినీ కోడలినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక ప్రకటన చేసింది.

"మీ ఇద్దర్లో ఎవరు అల్లిన స్వెట్టర్ నా కొడుకు తొడుక్కుని, కూర్చుని టీ తాగుతాడో, ఈ సూదులు వాళ్లవి. తర్వాత నన్ను సాధించకండి."

మొదటి దండయాత్ర కూతురిది. ఆమె జల్లెడ అల్లిక పట్టింది. ఊలును సూదికి ఊరికే ఒక చుట్టు చుట్టి, పక్క కుట్లను జంటగా కలిపేస్తూ పోతే బట్టలో అందమైన కన్నాలు ఆకుల్లా, పువ్వుల్లా ఏర్పడతాయి. భుజాల మీద శాలువాకైతే ఆ అల్లికకు సాటి లేదు. చలికి తొడుక్కునే స్వెట్టర్‌కు అది పెట్టడమంటే గొడుగుకు కిటికీలు పెట్టించడమే. తమ్ముడు దాన్ని తొడుక్కోబోయి, ఒక కన్నంలో గడియారం, ఇంకో కన్నంలో వేలు తగులుకుని, వలలో చేపలా నిలబడిపోయాడు. కోడలు వంటింట్లోకి వెళ్లి నవ్వింది. వంటింటికి తలుపు లేదన్న సంగతి ఆ క్షణాన ఆమెకు గుర్తురాలేదు.

రెండో దండయాత్ర కోడలిది. సూదుల జతకోసం ఇంత పట్టుదల ఎందుకని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఆమె ఏది ముట్టుకున్నా దానికి ఒక యజమాని ఉండేవాడు. గరిటె అత్తగారిది, పీట మామగారిది, అద్దం వదినగారిది. చివరకు బట్టలు ఆరేసే తీగ కూడా ఎవరో బాబాయి కట్టించిందే. 'ఇది నాది' అని ఆమె నోరారా అనగలిగే మొదటి వస్తువు ఆ సూదుల జతే అయ్యేట్టుంది.

అందుకే పని పద్ధతిగానే మొదలుపెట్టింది. ముందు సాదా అల్లికతో అరచేతి ముక్క అల్లి, అందులో ఎన్ని కుట్లు పట్టాయో చూసుకుని, భర్త ఛాతీకీ పొట్టకూ టేపు పట్టింది. టేపు ఒంటికి తగలగానే ఆ పరుపుల ప్రభువు, భార్య ముందు ఏ మగవాడైనా చేసే పనే చేశాడు. ఊపిరి బిగబట్టి, పొట్టను వెన్నెముక దాకా లాక్కున్నాడు. కొలత వచ్చింది. ఎవరి కొలతో దేవుడికే తెలియాలి.

సగం వీపు అయ్యేసరికి వదినగారు చూడ్డానికి వచ్చింది.

"సాదా అల్లికా? పోన్లే మరదలా, చేతనైనంతే చెయ్యాలి. గోనెసంచీ కూడా వెచ్చగానే ఉంటుంది."

ఆ ఒక్క మాటకు సగం వీపూ విప్పబడింది. కోడలు జడ అల్లిక పట్టింది. కొన్ని కుట్లను చిన్న సూది మీద పక్కకు ఆపి, వాటి వెనకవాటిని ముందు అల్లి, ఆపినవాటిని తర్వాత అల్లితే ఊలు మీద మెలిక పడుతుంది. అలా మెలిక మీద మెలిక వేసుకుంటూ పోతే నిలువునా జడ దిగుతుంది. చూడ్డానికి మహా రాజసం. బుద్ధిమంతులు ఛాతీ నడుమ ఒకటో రెండో జడలు వేసి, మధ్యలో ముత్యాల్లాంటి చిన్న చిన్న కుట్లు నింపి ఊరుకుంటారు. ఎందుకంటే జుట్టు జడ వేస్తే సన్నబడినట్టే, జడ వేసిన అల్లిక కూడా దగ్గరకు ముడుచుకుంటుంది. అందుకు తగ్గట్టు కుట్లు పెంచుకోవాలి. మన వీరనారి ఒక చంక నుంచి రెండో చంక దాకా, ముందూ వెనకా, సందు లేకుండా జడలే జడలు దించింది. కుట్లు మాత్రం సాదా అల్లికకు కట్టిన లెక్కే. కోపంలో ఉన్న మనిషికి కొత్త లెక్క తోచదు. సన్నగా కనిపించినప్పుడల్లా, "సూది మీద ముడుచుకుంది, తీస్తే సాగుతుంది" అని తనకు తానే ధైర్యం చెప్పుకుంది. లోకంలో స్వెట్టర్లు అల్లే ప్రతి చేతికీ ఈ వేదాంతం తెలుసు.

ఆ ఆదివారం తీర్పు. కోడలు దేవుడి పటం ముందు నిలబడి, "స్వామీ, ఒక్క టీ తాగేంతసేపు ఆయన్ని కాస్త సన్నం చెయ్యి" అని వేడుకుంది. కళ్లు తెరిచి చూస్తే పక్కనే వదినగారు చేతులు జోడించి ఉంది. ఆమె ఏం కోరుకుంటోందో అడగక్కర్లేదు. ఒకే పటం, ఒకే దీపం, ఒకదానికొకటి ఎదురు తిరిగిన రెండు మొక్కులు. ఆ పటంలోని ఆయన ముఖం ఎప్పటిలాగే ప్రసన్నంగా ఉంది. ఇలాంటివి ఆయన రోజుకు ఎన్ని వింటాడో, ఎలా తూకం వేస్తాడో, అసలు వేస్తాడో లేదో. అడిగే ధైర్యం లేక కోడలు దీపం వత్తి ఎగదోసి వచ్చేసింది.

అంత సమరాంగణము సిద్ధమయ్యెను. సోఫాపై న్యాయాధిపతియై అత్తగారు, కుర్చీయందు కళ్లజోడు సవరించుకొనుచు వదినగారు, నడుమ పొట్టివాడు కాని, పొడవువాడు కాని, సన్ననివాడు మాత్రము కాని భర్త. అప్పు డా కుట్లరాణి, జడాజాల విరాజితమగు స్వెట్టరును రెండు చేతుల పైకెత్తి, మనసులో ఇట్లు గర్జించెను: "ఓ కంఠరంధ్రమా! నిన్ను కంట వత్తులు వేసికొని అల్లితిని. ఈ శిరస్సునకు దారి విడువుము. విడువవేని, కుట్టు కుట్టునా విప్పి ఉండ చుట్టెదను!"

పైకి మాత్రం, "చేతులు పైకెత్తండి. చెవులు జాగ్రత్త" అంది.

తల లోపలికి పోయింది. అక్కడే ఆగింది.

"ఎక్కడున్నాను నేను?" స్వెట్టర్ లోపల్నుంచి గొంతు.

"ఇంట్లోనే ఉన్నారు. తల తిప్పండి."

"ఎటు?"

"వెలుతురు వచ్చే వైపు."

"ఏ వైపూ రావట్లేదే!"

"నేను అల్లినదాంట్లో అయితే అన్ని వైపులా వెలుతురే" అంది వదినగారు.

"ఔను వదినా, చలి కూడా" అంది కోడలు, లాగుతూనే.

ముందు ముక్కు బయటపడింది, తర్వాత ఒక చెవి, ఆపైన రెండోది. ఎర్రబడిన ఆ శిరస్సు ఉదయభానుడిలా మెడపట్టీ మీదుగా పొడుచుకువచ్చింది. చేతులు ఎలాగో దూరాయి. ఇక మిగిలింది ఉదరదుర్గం. ఛాతీ దాకా అవలీలగా దండెత్తి వచ్చిన జడసేన, పొట్ట అంచున కాలు మోపగానే కొండకు ఢీకొన్న మబ్బులా నిలిచిపోయింది. కోడలు ముందు లాగింది, వెనక లాగింది, మోకాళ్ల మీద కూర్చుని అంచు పట్టుకుని వేలాడింది.

"ఒరేయ్ తమ్ముడూ, పరుపుకి తలగడ గలీబు తొడిగినట్టున్నావురా" అంది వదినగారు, చాలా బాధపడుతున్నట్టు.

"కొలత సరిగ్గానే తీశానే!" అంది కోడలు.

"అంటే..." భర్త గొంతు సన్నగా వచ్చింది, ఆ బిగింపులో లావుగా రావడానికి దారి లేదు. "నువ్వు టేపు పట్టినప్పుడు కొంచెం లోపలికి లాక్కున్నా."

"ఎందుకండీ?"

"నువ్వు చూస్తున్నావని."

"ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాగా!"

"అప్పుడు టేపు లేదుగా."

కోడలికి ఆ నిస్సహాయ శరీరాన్ని చూస్తే కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది, నవ్వాల్సిన చోట ఏడుపొచ్చింది. రెండూ మింగి, పళ్లు బిగించి, ఒకే ఒక్క లాగు లాగింది. జడలన్నీ ఒకేసారి కిర్రుమన్నాయి. అంచు దిగింది. దుర్గం పట్టుబడింది.

"కూర్చో" అంది అత్తగారు.

నిలబడడమే గొప్పగా ఉన్న ఆ ధీరుడు, నిండు కడవ నెత్తిన పెట్టుకున్నవాడిలా, అంగుళం అంగుళంగా సోఫా మీదికి దిగాడు. కూర్చున్నాడు! ఏ కుట్టూ తెగలేదు. కోడలు టీ కప్పు అందించింది. ఆయన మోచెయ్యి వంగనని మొరాయిస్తే, మెడనే కప్పు దగ్గరకు వంచాడు. పెదవి కప్పుకు తగిలింది.

ఓటమి ముంగిట్లో నిలబడ్డ వదినగారు తన చివరి అస్త్రం తీసింది.

"ఒరేయ్, చిన్నప్పుడు బళ్లో బెంచీ కింద ఇరుక్కున్నావు, గుర్తుందా? మేస్టారు వడ్రంగిని పిలిపిస్తే, ఆయన వచ్చి 'బెంచీ కొయ్యాలా, పిల్లాణ్ణి కొయ్యాలా' అని అడిగాడు!"

"వద్దక్కా... నవ్వించకు..."

"నువ్వేమో ఏడుస్తూ, 'బెంచీ కొత్తదండీ, నన్నే కొయ్యండి' అన్నావు!"

హా! ఏమని చెప్పుదును! గుక్కెడు టీ కంఠమున దిగుటయు, హాస్యము ఉదరమున పుట్టుటయు ఏకకాలమందు జరుగగా, కల్పాంతవేళ సముద్రమువలె ఉబికిన ఆ ఉదరమునకు తాళలేక, ఇరుప్రక్కల చంకలనుండి నడుముదాక కుట్టిన కుట్టు పటపటా తెగి, స్వెట్టరు ముందుభాగము తెరచాపవలె ఎగిసి, కప్పులోని టీ జడలమీద వర్షించెను.

"అయిపోయింది!" వదినగారు లేచి నిలబడింది. "అమ్మా, చూశావుగా! చిరిగింది!"

కోడలు ఖాళీ కప్పు వంకే చూస్తూ నిలబడింది.

అత్తగారు తొందరపడలేదు. కొడుకును దగ్గరకు రమ్మని, బిగుసుకుపోయిన వేళ్లతో స్వెట్టర్ పక్క అంచులు నెమ్మదిగా తడిమింది. ఒక్కొక్క జడనూ పైనుంచి కిందికి నిమిరింది. చాలాసేపు.

"ఒక్క కుట్టూ జారలేదు" అంది చివరకు. "తెగింది పక్కలు కలిపిన దారం. అల్లిక చెక్కుచెదరలేదు. ఒరేయ్, కూర్చున్నావు కదా?"

"కూర్చున్నానమ్మా." పక్కలు తెరుచుకున్నాక ఆయనకు ఊపిరి హాయిగా ఆడుతోంది.

"టీ తాగావా?"

"ఒక గుక్క."

"గుక్కా?" వదినగారు గయ్యిమంది. "టీ తాగడమంటే గుక్కా అమ్మా?"

"కప్పు నిండా అని నేనన్నానా? అయినా ఆ గుక్క దగ్గర ఆపింది ఎవరే?"

వదినగారు కూర్చుండిపోయింది. అత్తగారు సూదులు తెప్పించి కోడలి చేతిలో పెట్టింది. "ఇదిగో అమ్మాయ్. ఈ రెండు పక్కలకీ సాగే పట్టీలు అల్లి అతుకు. రెండు సూటి కుట్లు, రెండు తిరగేసిన కుట్లు, అలా మార్చి మార్చి. వాడు ఊపిరి పీల్చినా, నవ్వినా, ఇంకో చుట్టు లావెక్కినా ఆ పట్టీయే సర్దుకుంటుంది. అందులో మళ్లీ జడ వేశావో, చూడు!"

రెండు మొక్కుల్లో ఏది చెల్లినట్టు? కుట్టు తెగాలని ఒకరు, టీ దిగాలని ఒకరు కోరుకున్నారు. రెండూ జరిగాయి. అంత పెద్దాయన ఇంత చిన్న ఇంటి తగువులో తలదూర్చాడని నమ్మడమా, కొత్త బెంచీ వల్లే ఇదంతా జరిగిందని సరిపెట్టుకోవడమా? కోడలు దేవుడి పటం వైపు ఒక చూపు చూసి, ఎందుకైనా మంచిదని దండం పెట్టింది.

"నేను మొదటి కుట్టు ఎక్కించింది ఆ సూదుల మీదే" అంది వదినగారు, ఎవరితోనూ కాకుండా. కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది. దుకాణంలో పనిచేసే మనిషి కాబట్టి అద్దాలు తుడవడం మామూలే. కళ్లు కూడా తుడుచుకోవడం మాత్రం మామూలు కాదు.

కోడలు సూదులను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత కుర్చీ దగ్గరకు వెళ్లింది.

"వదినా, రెండు పట్టీలున్నాయిగా. ఒకటి మీరు అల్లండి."

"నా దగ్గర సరైన సూదులెక్కడివి?"

"ఇవి తీసుకోండి." అని అందిస్తూ, గొంతు సవరించుకుని, ఇంటిల్లిపాదికీ వినపడేలా అంది: "నా సూదులు, జాగ్రత్త. అల్లగానే నాకిచ్చెయ్యాలి."

"ఇదుగో, ఇంతకీ ఇది తీసేదెలా?" అని భర్త మెడపట్టీలో చెవులు ఇరికించుకుని అడుగుతూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు.

ఇట్లు, ముక్కుపుడకంత సామ్రాజ్యముకొరకు మహాసంగ్రామము సలిపి, పొట్టచే ఓడి, దారముచే తెగి, అత్తగారి వేళ్లచే నిలిచి, ఒక్క గుక్క టీ సాక్షిగా, ఆ ఇంట 'నా' అను ఏకాక్షర రాజ్యమునకు ఆ కోడలు పట్టాభిషిక్తురాలయ్యెను. దిక్కులు పిక్కటిల్లలేదు, పూలవాన కురియలేదు. వంటింట పాలు మాత్రము పొంగిపోయినవి. పొయ్యి ఆర్పుటకు ఎవరును లేవలేదు.