మా వంతెనకి వచ్చిన మొహల్లా వీర్

నా మాట వినండి. ఈ దేశంలో పంచాయతీలు, మునిసిపాలిటీలు, సర్కారు ఆఫీసులు అన్నీ ఎత్తేసినా ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకి టీవీలో 'మొహల్లా వీర్' వస్తే చాలు!

ఈ మాట అంటున్నది దారినపోయే దానయ్య కాదు. ఇరవై రెండేళ్ళుగా సర్కారు ఆఫీసులో కుర్చీ అరగదీసిన గుమాస్తాని. ఏ ఆఫీసని మాత్రం అడక్కండి. ఆ కుర్చీలో నేనింకా ఆరేళ్ళు కూర్చోవాలి.

మొహల్లా వీర్ ఎవరో తెలియని దురదృష్టవంతుల కోసం చెబుతున్నాను. ఆయన ఆకాశంలో ఎగిరే రకం కాదు. సందుల్లో తిరిగే వీరుడు. ముఖానికి ఖాకీ ముసుగు, కాళ్ళకి గంబూట్లు, నడుముకి ఒక పానా. బొంబాయిలో ఏదో ఇరుకు వీధి ఆయనది. అక్కడ మురుగు పొంగితే వస్తాడు. కుళాయి రాకపోతే వస్తాడు. రేషన్ షాపువాడు తూకంలో మోసం చేస్తే వాణ్ణి తూకంరాళ్ళతో సహా ఎత్తి చెత్తకుండీలో కూర్చోబెడతాడు. మధ్యలో సబ్బుల ప్రకటనలతో కలిపి మొత్తం అరగంట! మా ఆఫీసులో అరగంటలో గుండుసూది కూడా దొరకదు.

మాది ధవళేశ్వరం దాటాక కాలవగట్టు మీద ఉన్న చిన్న వీధి. వీధి మొత్తానికి ఒక్కటే టీవీ, అది కిరాణా కొట్టు కుక్కుటేశ్వరరావు గారిది. ఆదివారం పొద్దున్నే దాన్ని అరుగు మీదికి తెస్తారు. పాపం వేడెక్కిపోతుందని టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పుతారు. ముందు కూర్చున్న నలభై మందికి గాలి ఉండదు. అందుకని నేను ఆఫీసు నుంచి తెచ్చుకున్న ఒక ఫైలుతో విసురుకుంటాను. మందపాటి అట్ట, లోపల కాగితం ఒక్కటే కాబట్టి బరువు లేదు. నా సర్వీసులో ఎన్నో ఫైళ్ళు చూశాను గానీ ఇంతగా ఉపయోగపడిన ఫైలు మరొకటి లేదు.

ఇక భాష సంగతి. వీర్ మాట్లాడేది హిందీ. మా వీధిలో హిందీ వచ్చినవారు హైస్కూల్లో హిందీ చెప్పే జోగేశ్వరరావు మాస్టారొక్కరే. ఆయన టీవీ పక్కన కుర్చీ వేసుకుని మాకు అర్థం చెబుతారు. వీర్ ఒక్క ముక్క అంటే మాస్టారు పేరాగ్రాఫు చెబుతారు.

"'ఠహరో' అన్నాడండీ. అంటే ఏంటంటే, ఓరీ దుర్మార్గుడా, పేదవాళ్ళ ఉసురు నీకు తగలకపోదు, ఇక ఒక్క అడుగు వేశావో నీ సంగతి చెబుతాను, అని!"

"ఆ చిన్న మాటలో అంత ఉందాండీ?" అని మేమంతా హిందీ భాష గొప్పతనానికి ఆశ్చర్యపోతుంటాం.

మా ఆఫీసులోనే పనిచేసే జీవరాజు గారికి వేరే సందేహాలు. "ముసుగేసుకుంటే జీతం రోజున సంతకం ఎలా పెడతాడండీ? అసలు పోస్టు పర్మనెంటా, టెంపరరీయా? ఆదివారం కూడా డ్యూటీ చేస్తున్నాడు, ఓవర్‌టైమ్ ఇస్తారా?" వీర్ మిద్దె మీంచి దూకుతుంటే అందరూ అమ్మో అంటారు. జీవరాజు గారు మాత్రం "కాలు విరిగితే మెడికల్ లీవుందా?" అంటారు.

నాలుగో ఎపిసోడ్‌లో కందిపప్పులో రాళ్ళు కలిపే వర్తకుణ్ణి వీర్ పట్టుకున్నాడు. సరిగ్గా ఆ క్షణానికి మా అరుగు మీద టీవీ ఆగిపోయింది. "కరెంటు పోయిందండీ," అన్నారు కుక్కుటేశ్వరరావు గారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. టీవీ మీద గౌరవం కొద్దీ ఎవరమూ ఫ్యాను వైపు చూడలేదు.

అయినా ఈ సీరియల్ మాకు చేసిన మేలు అంతా ఇంతా కాదు! పూర్వం కుళాయి రాకపోతే ఆడవాళ్ళు బిందెలతో ప్రెసిడెంటు గారింటి మీదికి వెళ్ళేవారు. ఆయన స్నానం చేస్తున్నా వదిలేవారు కాదు. ఇప్పుడో? ఆదివారం దాకా ఓపిక పడతారు. వీర్ బొంబాయిలో కుళాయి బాగుచేస్తుంటే చూసి, కళ్ళొత్తుకుని, ఖాళీ బిందెతో ఇంటికి పోతారు. ఎంత శాంతి! ఎంత క్రమశిక్షణ! ప్రెసిడెంటు గారు మనిషి కాస్త ఒళ్ళు చేశారు కూడా.

వీధిలో ఈ శాంతి పడనిది ఒక్క సంపూర్ణమ్మ గారికే. ఆవిడ మిషన్ స్కూల్లో టీచరు. ఇల్లు కాలవకి అవతలి గట్టున. స్కూలు, చర్చి ఇవతలి గట్టున. మధ్యలో కుక్కుటేశ్వరరావు గారి కొట్టు వెనకాల చెక్క వంతెన. దానికి మూడు చెక్కలు ఊడిపోయి రెండేళ్ళు దాటింది. అవతలి గట్టు పిల్లలు ఇరవై మంది ఆ వంతెన మీదుగానే బడికి రావాలి. జూన్‌లో కాలవకి నీళ్ళొదిలిన దగ్గర్నుంచీ ఆవిడ పొద్దున్నే వంతెన దగ్గర నిలబడి, ఒక్కొక్కర్నీ చెయ్యి పట్టుకుని ఆ సందు దాటించడం, సాయంత్రం మళ్ళీ అదే పని. టీవీ చూడటానికి తీరిక ఎక్కడిది? పాపం, జీవితంలో ఎంత కోల్పోయిందో ఆవిడకి తెలియదు.

ఆగస్టులో తొమ్మిదో ఎపిసోడ్ వచ్చింది. ఆహా! ఆ ఎపిసోడ్ చూడని జన్మ దండగ. వీర్ వీధిలో కూడా ఒక వంతెన, దానికీ చెక్కలు లేవు, ఒక పంతులమ్మ దాని మీంచి జారి వేలాడుతోంది! మాస్టారు అర్థం చెప్పడం మానేసి కుర్చీని టీవీ ముందుకి జరుపుకున్నారు. కుక్కుటేశ్వరరావు గారు పై కండువాతో ముక్కు తుడుచుకున్నారు. నేను విసురుకోవడం ఆపేశాను.

అప్పుడు వినిపించింది గొంతు.

"అయ్యా, ఎవరైనా రండయ్యా! కాలు ఇరుక్కుపోయింది! పక్క చెక్క కూడా ఊడిపోతోంది!"

"విన్నారా!" అన్నారు జోగేశ్వరరావు మాస్టారు పొంగిపోతూ. "ఈ వారం నుంచి తెలుగు కూడా పెట్టారండీ!"

"గొంతు అచ్చం మన సంపూర్ణమ్మ గారిదిలా లేదూ?" అన్నారు కుక్కుటేశ్వరరావు గారు.

"అదేనండీ టీవీ వాళ్ళ గొప్ప. ఏ ఊరికి ఆ ఊరి యాస పెడతారు."

చివర్న గంప పెట్టుకుని కూర్చున్న చేపల మరిడమ్మ చటుక్కున లేచి టీవీకి అడ్డంగా నిలబడింది. నలభై మందిమీ ఒక్క గొంతుతో అరిచాం. "అడ్డం లే మరిడమ్మా! బొమ్మ కనపడ్డం లేదు!"

"బొమ్మ కాదండి బాబూ, మనిషి!" అని పరిగెత్తింది.

మేమూ వెళ్ళాం, అబద్ధమాడను. ఎపిసోడ్ అయిపోయాక వెళ్ళాం. అప్పటికి మరిడమ్మ సంపూర్ణమ్మ గారిని పైకి లాగి గట్టు మీద కూర్చోబెట్టింది. ప్రార్థన ముగించుకుని ఇంటికి వెళుతూ తొడ దాకా దిగబడిపోయిందట ఆవిడ. తెల్ల చీర మోకాలి దగ్గర ఎర్రగా ఉంది. బైబిలు కాలవలో పోయింది.

"మీరు ఎపిసోడ్ మిస్సయ్యారండీ," అన్నారు జీవరాజు గారు జాలిగా. "సరిగ్గా ఇలాంటిదే."

ఆ సాయంత్రమే అరుగు మీద మీటింగు పెట్టాం. వీధి మేలుకుంది! ఇంక ఊరుకునేది లేదు! మొహల్లా వీర్ గారికి అర్జీ పెట్టాల్సిందే, అని ఏకగ్రీవంగా తీర్మానించాం.

సంపూర్ణమ్మ గారు కాలికి కట్టు కట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. "నాలుగు మేకులు, మూడు చెక్కలు తెచ్చి మనమే కొట్టేసుకుంటే పోదాండీ?" అంది.

సర్కారు వంతెనకి ప్రైవేటు మేకా! జీవరాజు గారు చెవులు మూసుకున్నారు. "ఎస్టిమేటు లేకుండా సుత్తి ఎత్తుతారాండీ? రేపు ఆడిట్ వాళ్ళు వచ్చి మేకులు లెక్కపెడితే ఎవరు జవాబు చెప్పాలి?"

"పోనీ, రెండేళ్ళ కిందట అర్జీ ఇచ్చానుగదండీ. మీ చేతికే ఇచ్చాను," అంది ఆవిడ నావైపు తిరిగి.

"పరిశీలనలో ఉందండీ," అన్నాను ఫైలుతో విసురుకుంటూ.

డ్రాఫ్టు నేనే రాశాను. అలాంటి డ్రాఫ్టు మళ్ళీ రాయలేను. "విషయం: కాలవగట్టు వీధి వంతెన, మూడు చెక్కలు, బిగింపు కోరుట గురించి. సూచిక: తమరి తొమ్మిదవ ఎపిసోడ్. ఆర్యా, తాము బొంబాయి వంతెన విషయమై తీసుకొనిన సత్వర చర్యకు మిక్కిలి సంతసించి వ్రాయునది..." నేరుగా వీర్ గారికే పోస్టు చేద్దామన్నాడు ఎవడో తెలివితక్కువవాడు. అంత పెద్ద మనిషికి నేరుగానా? మర్యాద ఉండొద్దూ? త్రూ ప్రాపర్ ఛానల్, ఢిల్లీ టీవీ ఆఫీసు ద్వారా, నకలు సంబంధిత అధికారులందరికీ. వీధంతా సంతకాలు పెట్టింది. సంపూర్ణమ్మ గారు పెట్టలేదు. పిల్లల్ని దాటించే వేళయిందని వెళ్ళిపోయింది, సాయంత్రం ట్యూషన్ పిల్లలట.

తర్వాత ప్రతి ఆదివారం మేం వీర్ ముఖంలోకి చూస్తూ కూర్చున్నాం. అర్జీ అందిందా లేదా? పదమూడో ఎపిసోడ్‌లో ఆయన ఒకసారి మావైపే చూసి తల ఊపాడు. "అందిందండీ!" అన్నారు మాస్టారు. మా ఆవిడ ఆ రోజు పాయసం చేసింది.

అక్టోబరులో జరిగిందండీ అద్భుతం. ఆదివారం సీరియల్ చూసి ఒళ్ళు విరుచుకుని లేచి, కొట్టు వెనక్కి వెళ్ళిన కుక్కుటేశ్వరరావు గారు కేకలేస్తూ వచ్చారు. వెళ్ళి చూస్తే వంతెనకి మూడు కొత్త చెక్కలు! నల్లగా, దిట్టంగా, మేకులు వరసగా కొట్టి ఉన్నాయి. ఏనుగు నడిచినా కదలవు.

"వీర్ గారు వచ్చి వెళ్ళారు!" అన్నారు జోగేశ్వరరావు మాస్టారు, చేతులు జోడించి.

"మనం టీవీలో చూస్తుండగా ఇక్కడికెలా వస్తాడండీ?" అన్నాను.

"అది ముందే తీసిన బొమ్మండీ. ఆ టైములో ఆయన ఖాళీయేగా!"

కుక్కుటేశ్వరరావు గారు చెక్కని తట్టి చూసి బొంబాయి టేకని తేల్చారు. జీవరాజు గారు టీఏ బిల్లు ఎంతవుతుందో అంచనా వేయడం మొదలుపెట్టారు. టీవీకి చామంతి దండ వేశారు. సంపూర్ణమ్మ గారు పిల్లల్ని వెంటేసుకుని వంతెన మీదుగా వస్తుంటే, "కాస్త నెమ్మదిగా నడిపించండమ్మా, ఆయన చేసిన పని!" అని మందలించాం.

నాకు మాత్రం ఒక చిన్న చిక్కు వచ్చింది. ఆ చెక్కల నుంచి తారు, చేపల వాసన వస్తోంది. మరిడమ్మ వాళ్ళ పాత నాటుపడవ రెండేళ్ళుగా గట్టు మీద బోర్లా పడి ఉండేది. ఇప్పుడు దానికి ఒక పక్క లేదు.

డిసెంబరులో మా అర్జీ తిరిగొచ్చింది. ఢిల్లీ నుంచి హైదరాబాదు, అక్కణ్ణుంచి జిల్లా, అక్కణ్ణుంచి మా ఆఫీసు. తొమ్మిది స్టాంపులు, పదకొండు పొట్టి సంతకాలు. చివరికి వచ్చి వాలింది ఎక్కడనుకున్నారు? నా బల్ల మీద! కింద ఎర్ర సిరాతో ఒక వాక్యం: "సదరు వంతెనపై లోగడ వచ్చిన అర్జీ తాలూకు ఫైలు వెంటనే జతపరచవలెను."

మీరు ఊహించింది నిజమే. ఆ ఫైలు ఆఫీసులో లేదు. మా ఇంట్లో, చాప పక్కన, ఆదివారం కోసం సిద్ధంగా ఉంది. మొదటిసారి విప్పి చదివాను. ఒకే కాగితం, గుండ్రటి అక్షరాలు. "పిల్లలు చిన్నవాళ్ళు. నాకు రెండే చేతులున్నాయి. దయచేసి చెక్కలు వేయించగలరు. సంపూర్ణమ్మ." ఆ రోజు ఆవిడ కాలు చెక్కల మధ్య ఇరుక్కుని అరుస్తుంటే, పాతికడుగుల దూరంలో నేను ఈ కాగితాన్నే చేతిలో పట్టుకుని టీవీ చూస్తున్నాను. సిగ్గేసింది. నిజంగా వేసింది, ఇందులో వ్యంగ్యం ఏమీ లేదు.

ఫైలు మూయడానికి వివరాలు కావాలి. సాయంత్రం వంతెన దగ్గరికి వెళ్ళాను. సంపూర్ణమ్మ గారు గట్టు మీద కూర్చుని నోట్సులు దిద్దుతోంది. బొటనవేలి గోరు నల్లబడి ఉంది, సుత్తి దెబ్బ.

"ఎప్పుడు కొట్టారండీ ఇవి?" అన్నాను.

"మీ సీరియల్ వచ్చే టైములోనేనండీ. నాలుగు ఆదివారాలు పట్టింది, నేనూ మరిడమ్మానూ. ఒక వారం పడవ విప్పడం, ఒక వారం కొయ్యడం, ఒక వారం తారు పుయ్యడం, చివరి వారం మేకులు. ఠంగుఠంగుమని ఒకటే చప్పుడు. మీరెవరైనా వచ్చి తిడతారేమోనని భయపడ్డాం కూడాను."

చప్పుడు నేనూ విన్నాను. సీరియల్లో ఏదో ఫైటింగ్ అనుకున్నాను.

"ఒక మాట అడగనాండీ?" అంది ఆవిడ. "ఆ టీవీలో ఆయన ముఖానికి ముసుగెందుకు వేసుకుంటాడండీ?"

"మంచి పని చేసేటప్పుడు ఎవరూ గుర్తుపట్టకుండానండీ."

ఆవిడ ఎర్ర పెన్నుతో ఒక లెక్కకి టిక్కు పెట్టింది. "మాకు ముసుగుతో పని పడలేదండీ. మీరెవరూ ఇటు చూడలేదు కదా," అంది. ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది.

మర్నాడు ఆఫీసులో ఫైలు మీద నోటు రాశాను. సదరు వంతెనను సంపూర్ణమ్మ, మరిడమ్మ అను ఇరువురు బాగుచేసినారని రాస్తే, అనుమతి లేకుండా సర్కారు ఆస్తిపై మేకులు కొట్టినందుకు వాళ్ళకి నోటీసివ్వాలి. రూల్సు అంతే. నాకు తెలిసిన మార్గం ఒక్కటే కనపడింది. "సదరు పనిని మొహల్లా వీర్ పూర్తి చేసినందున తదుపరి చర్య అవసరం లేదు. ఫైలు మూసివేయవచ్చును" అని రాసి పంపాను. పైవాళ్ళు అయిదుగురు ఒక్క ప్రశ్న వేయకుండా సంతకాలు పెట్టారు. అందరూ ఆదివారం టీవీ చూసేవాళ్ళే.

కాబట్టి నా మొదటి మాటకే కట్టుబడి ఉన్నాను. మొహల్లా వీర్ ఉండగా మనకి ఏ ఆఫీసులూ అక్కర్లేదు. ఒక్కటే ఇబ్బంది. ఆ ఫైలు రికార్డు రూముకి వెళ్ళిపోయింది, మళ్ళీ జూన్ వచ్చి ఆదివారాలు ఉక్కగా ఉంటున్నాయి, విసురుకోవడానికి చేతిలో ఏమీ లేదు. మొన్న సంపూర్ణమ్మ గారు బడి పైకప్పు కారుతోందని నా చేతికి ఇంకో అర్జీ ఇచ్చింది. ఆఫీసులో దానికి కొత్త అట్ట వేసి ఇంటికి తెచ్చాను. మంచి మందంగా ఉంది.