భూపాలపల్లి నౌకాపర్వము

కృష్ణాంగార ఖనిగర్భయు, విద్యుత్కేంద్ర ధూమమేఘ పరివేష్టితయు, ఏ దిక్కునకు ఎంత దూరము నడిచినను సముద్రమన్నది కంటబడనిదియు నగు భూపాలపల్లి పట్టణమున, ప్రచండ గ్రీష్మమున, ఒకానొక ఆదివారము నాడు, చర్చిలో ఆరాధన ముగిసి ఇంటింటను మాంసపు కూర పరిమళము లేచు శుభవేళ, గని కార్మికుల క్వార్టర్లలో నొకదానియందు జపాను సామ్రాజ్యపు సమస్త నౌకాదళము కదలక మెదలక నిలిచి యుండెను. ఏలయనగా, తద్దళ సర్వసేనాని యగు మహేందరుడు దానిని ఎటు పంపవలెనో తేల్చుకొనలేకుండెను.

ఈ మహేందరుడు సామాన్యుడు కాడు. వారమంతయు ఓపెన్‌కాస్టు గనిలో పర్వతాకారపు డంపరును నడుపు ఉద్దండుడు. ఆదివారము మాత్రము భోజనపు బల్లపై పరచిన పసిఫిక్ మహాసముద్ర పటమునకు ప్రభువు. అది వెనుకటి ప్రపంచయుద్ధమున జపాను అమెరికాలు చేసిన పోరును అట్టముక్కల ఓడలతోను పాచికలతోను మరల నడిపించు ఆట. ఎదుట అమెరికా పక్షమున ఆసీనుడైనవాడు అతని భార్య ఎస్తేరునకు తమ్ముడు, కేసముద్రమున బడిపంతులు, వ్యూహవిశారదుడు సాంసను. ఆదివారమాదివారము రైలు దిగి బస్సెక్కి వచ్చి, బావను చిత్తుచేసి, అక్క వండిన కూర తిని పోవుట అతని వ్రతము.

మహేందరుని ఓటములకు మూలమొక్కటే. అతడు ప్రతి యుద్ధమును ఒకే తీరున ఆరంభించును: విమానవాహక నౌకలన్నిటిని కూడగట్టి, తూర్పున హవాయి దీవుల వద్ద లంగరు వేసియున్న అమెరికా ఓడలపై పిడుగువలె పడును. పడిన క్షణమున బ్రహ్మానందమే. పిదప చమురు నిండుకొని ఆ మహానౌకలు నడిసంద్రమున ఎండుచేపలవలె మిగిలిపోవును. సాంసను వానిని ఒక్కొక్కటిగా ఏరుకొనును.

ఆనాడు సాంసను మజ్జిగ గ్లాసు దించి, మూతి తుడుచుకొని, గొంతు పెంచకయే భీషణ ప్రతిజ్ఞ గావించెను.

“బావ, ఈసారి గూడ గదే హవాయి అంటే నేను మల్ల వచ్చుడు కష్టం. చూసిన సినిమానే ఎన్నిసార్లు చూడాలె?”

ఆ పలుకు మహేందరుని వక్షఃస్థలమున బల్లెమై దిగెను. గనిలో ఓడల ప్రసక్తి తెచ్చినచో తోటివారు నవ్వి తట్ట చేతబట్టి లేచిపోయెదరు. యుద్ధవ్యూహముల ముచ్చట వినువాడు అతనికి లోకమున బామ్మర్ది యొక్కడే. ఆ బామ్మర్ది రాని ఆదివారము అతని కనులకు గట్టెను: ఖాళీ కుర్చీ, శుభ్రముగా తుడిచిన బల్ల, ఎవరును చూడని టీవీ.

రెండవ దారి లేకపోలేదు. దక్షిణమున బోర్నియో ద్వీపమున చమురు బావులు కలవు. కాని అటు పోయినచో దెబ్బ తినని అమెరికా ఓడలు వెనుకనుండి వచ్చి మీదపడవా? అతని హస్తము తూర్పునకు సాగెను, వెనుదిరిగెను. దక్షిణమునకు సాగెను, మరల వెనుదిరిగెను. అట్టముక్కలు ఎగిరిపోవునని పంకాను ఆపియుంచినందున, సేనాని నుదుటినుండి జారిన స్వేదబిందువొకటి ఫిలిప్పీన్సుపై పడి అచట వరదలు కల్పించెను.

అంతట వంటింటి ద్వారమున ఇరుపక్షములకును భయంకరమగు మూడవ మహాశక్తి ప్రత్యక్షమయ్యెను. ఎస్తేరు గరిటె ధరించి నిలిచి యుండెను.

“ఏందయ్య, కూర అయింది. బల్ల ఖాళీ జేస్తవా, నన్ను జేయమంటవా?”

అని, ఉత్తరమునకై వేచియుండక, పటము కొసను పట్టి లేవనెత్తెను. అలాస్కా ఆకాశమున కెగసెను. ఓడలు జరజర జారసాగెను. మహేందరుడు బాహువులు చాచి తన దళమునంతయు అరచేతుల క్రింద అదిమిపట్టి, భార్యను జర ఆగుమని వేడుకొనెను. అట్లు మహాసముద్రమును కౌగిలించుకొని వంగియున్న స్థితిలో అతనికి జ్ఞానోదయమయ్యెను. ప్రతిదినము డంపరెక్కగనే తాను మొదట చూచునది డీజిల్ ముల్లునే గదా. ఈ ఓడలకు ఆ మర్యాద ఏనాడైన చేసెనా?

అతడు నడుము నిటారుగా నిలిపి, త్రిలోకములు వినునట్లు పలికెను.

“ఓడలు కిందికి, బోర్నియో దిక్కు పోతయి. ముందుగాల నూనె. హవాయి సంగతి తర్వాత జూద్దం.”

పలికి, అగ్రనౌకను రెండు వ్రేళ్ల నడుమ పట్టి, ఒక గడి, ఒకే ఒక్క గడి, దక్షిణమునకు జరిపెను. దిక్కులు మార్మ్రోగెను, అనగా ప్రక్కింటి కుక్కరు కూత వేసెను.

బావ చేయి తీయకముందే బదులెత్తు వేయు అలవాటు గల సాంసను ఈసారి ఏమియు వేయలేదు. కళ్లజోడు తీసి, అంగీ అంచుతో తుడిచి, మరల పెట్టుకొనెను. ఒక ఓడను తాకి విడిచెను. మరియొకదానిని తాకి విడిచెను. చెవి వెనుక గోకుకొనెను.

“గిది నేను అనుకోలే బావ,” అనెను తుదకు. “నాకు టైం గావాలె. వచ్చే ఆదివారం వచ్చి చెప్త. అక్కా, బల్ల ముట్టకు.”

ఎస్తేరు ఇద్దరినీ ఒక్క చూపు చూచి, నిట్టూర్చి, నేలపై చాప పరచెను. ముగ్గురును క్రింద కూర్చుండి భుజించిరి. సాంసను చేతిలో ముద్ద పట్టుకొనియే మాటిమాటికి మెడ చాచి బల్ల వంక చూచుచుండెను.

ఇట్లు భూపాలపల్లి నౌకాధిపతి, డంపరు సారథి, ఎస్తేరు ప్రాణనాథుడగు మహేందరుడు, ఒక్క శత్రునౌకను ముంచకయే, ఒక్క దీవిని పట్టకయే, పసిఫిక్ జలములపై ఒక్క గడి మాత్రము జరిగి, రాబోవు ఆదివారమును జయించెను.