గుంత పడని రోడ్డు

శిరివెళ్ల పక్కన వేసిన మూడు మైళ్ల రోడ్డు రెండు వానాకాలాలు దాటినా ఒక్క గుంత కూడా పడలేదని తెలియజేయడానికి మన శాఖ ఎంతో సంతోషిస్తోంది. ఎలా పడలేదు అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు అభివృద్ధి అంటే గిట్టదు.

ఈ ఘనకార్యానికి మూలపురుషుడు ఓవర్సీరు జయరాజు. డెబ్బై ఏడులో అతని భార్య సలోమిని తొలి కాన్పుకు ఆళ్లగడ్డ నుంచి నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోతుంటే, ఇక్కడే బస్సు గుంతలో పడి ఇరుసు విరిగింది. ఇంకో బస్సు వచ్చేసరికి ఆలస్యమైంది, బిడ్డ దక్కలేదు. ఆ రోడ్డు భేషుగ్గా ఉందని బిల్లు మీద సంతకం చేసింది జయరాజే. సంతకం చేసేముందు రోడ్డు కూడా చూడాలన్న ఆలోచన అతనికి అప్పటిదాకా తట్టలేదు. శాఖలో ఇంకెవరికీ తట్టలేదు గనుక దాన్ని లోపంగా ఎవరూ ఎంచలేదు.

ఆ దుఃఖంలో జయరాజు ఒక పథకం రాశాడు. కాంట్రాక్టరుకు ముందు సగం డబ్బే ఇవ్వాలి. రెండు వానాకాలాలు వానకు గుంత పడకుండా నిలిస్తే మిగతా సగం, పైన బహుమానం. పడితే సున్న.

"దుడ్ల మీద ఆశ ఉన్నోడు రోడ్డును కన్నబిడ్డ మాదిరి చూసుకుంటాడు, సలోమీ. మళ్లా కాన్పొచ్చినా మనకేం భయం ల్యా" అన్నాడు.

పథకం పై ఆఫీసులన్నీ తిరిగి, ముద్రలు మోసుకుని, అక్షరం మారకుండా వచ్చింది. ఆ రోడ్డు మీద బండ్లు నడవాలని మాత్రం అందులో ఎక్కడా లేదు. అది కూడా రాయాలని జయరాజుకు తోచలేదు.

కాంట్రాక్టరు ఓబులేసు రోడ్డు వేసిన మరునాడే రెండు చివరలా గేట్లు పెట్టి తాళాలు వేశాడు.

"ఇదేందప్పా?" అన్నాడు జయరాజు.

"కన్నబిడ్డను ఎవురన్నా తొక్కనిస్తారా సార్?" అన్నాడు ఓబులేసు.

జయరాజు ఫైలు తిరగేశాడు. తప్పు దొరకలేదు. తాను రాసిందే కదా, చాలా పకడ్బందీగా ఉంది.

బస్సులు, ట్రాక్టర్లు పక్కనున్న బండ్లబాటలోకి దిగాయి. అది నల్లరేగడి, తొలివానకే చక్రాలు కూరుకుపోయాయి. శిరివెళ్ల రైతులు తలా నాలుగు బండ్ల గరుసు తోలి, రాళ్లు కొట్టి పోశారు. పోయే ప్రతి బస్సూ దాన్ని ఇంకాస్త అణిచి గట్టిచేసింది. రోడ్డు మీద మాత్రం జొన్నలు ఎండాయి. జయరాజు తన నివేదికలో దాన్ని 'వ్యవసాయాభివృద్ధికి తోడ్పాటు' కింద చూపించాడు.

రెండో వానాకాలం పోయాక పెద్ద ఇంజనీరు తనిఖీకి వచ్చారు. గేటు ముందర షామియానా వేశారు. "ప్రజల సొత్తును ప్రజల నుంచి కాపాడిన మొట్టమొదటి రోడ్డు ఇది!" అని ఆయన అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది జయరాజు.

అంతలో ఆళ్లగడ్డ వైపు నుంచి అతని మామ ఇస్సాకు ట్రాక్టరు వచ్చింది. వెనక ట్రైలర్లో సలోమి రెండో కాన్పు నొప్పులతో మెలికలు తిరుగుతోంది, పక్కన తల్లి సారమ్మ. జయరాజు ఓబులేసు మీద కలబడి తాళంచెవి లాక్కుని గేటు తీశాడు.

"బాటలో పోతాంలేప్పా, అలవాటైన దోవ" అన్నాడు ఇస్సాకు.

"నీకేం తెలుసు మామా? ఇది నా పథకం. అద్దం మాదిరి ఉంటాది, రా!"

ట్రాక్టరు పది గజాలు పోయింది. తారు పెనం మీది దోసెలా లేచి వచ్చింది, ముందు చక్రాలు మట్టిలోకి దిగాయి. కింద కంకర లేదు. "తొక్కేటోడే లేనప్పుడు కంకర యాల సార్, సర్కారు సొమ్ము దండగ!" అన్నాడు ఓబులేసు.

"నీ రోడ్డుకో దండం అల్లుడా! బాటలోకి తిప్పండి, నా బిడ్డ అల్లాడతాంది!" అని సారమ్మ అరిచింది.

ఊరివాళ్లు పట్టి తోశారు. పెద్ద ఇంజనీరు షామియానా నీడలోంచే చేతులూపుతూ ఎటు తోయాలో సూచనలిచ్చారు. ఆ తర్వాత బండ్లబాట మీద ట్రాక్టరు ఒక్క కుదుపైనా లేకుండా పోయింది. నంద్యాలలో మధ్యాహ్నానికల్లా ఆడపిల్ల పుట్టి కెవ్వుమంది. జయరాజు వరండాలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మరునాడు ఆఫీసు నుంచి రెండు కాగితాలు జయరాజు సంతకం కోసం ఆసుపత్రికే వచ్చాయి. మొదటిది ఓబులేసుకు బహుమానం. పడింది ట్రాక్టరు గుంతే గాని వాన గుంత కాదని పెద్ద ఇంజనీరు తేల్చారు. రెండోది శిరివెళ్ల రైతులకు నోటీసు, ప్రభుత్వ స్థలంలో అనుమతి లేకుండా బాట వేసినందుకు.

జయరాజు ఒక చేత్తో పాపను పట్టుకుని, రెండో చేత్తో పెన్ను మూత తీయలేక అవస్థ పడుతున్నాడు.

"మనం వచ్చింది ఆ బాటలోనే గదా. ఆ మాట యాడన్నా రాసినావా?" అంది సలోమి.

"ఫారంలో దానికి గడి ల్యా."

సలోమి పాపను తన ఒళ్లోకి తీసుకుంది. "అయితే సంతకం రెండు చేతులతో పెట్టుకో" అంది.

జయరాజు రెంటికీ పెట్టాడు.