దర్జీగారి నలభై వేల అడుగులు

ఆ ఆదివారం ఉదయం దర్జీగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. రోజంతా ఏ పనీ చేయకుండా కూర్చోవాలి. ఇంతకంటే సులువైన పని ఆయనకు జీవితంలో ఎవరూ అప్పగించలేదు. ఇంతగా భయపడిన పనీ ఇంకొకటి లేదు.

సంగతేమిటంటే, ఆరు నెలల క్రితం ఆరోగ్య బీమా కంపెనీవారు ప్రీమియం రెట్టింపు చేసి, ఆ వెంటనే జాలిపడి ఒక వాచీ పంపారు. అది కట్టుకుని రోజుకు పదివేల అడుగులు నడిస్తే ప్రీమియంలో సగం తగ్గిస్తారట. పొద్దస్తమానం కుట్టు మిషను ముందు కూర్చునే మనిషి నడిచేదెప్పుడు? ఈ చిక్కుముడిని ఆయన బావమరిది విప్పాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే ఆ మహానుభావుణ్ణి వీధిలో అందరూ ‘అప్‌డేట్’ అని పిలుస్తారు. ఎవరి ఫోనుకు ఏ జబ్బు చేసినా ముందు అప్‌డేట్ చేసి, అందులో ఉన్నది కూడా పోగొట్టి ఇవ్వడం అతని అలవాటు.

"వాచీ చేతికే కట్టుకోవాలని ఎవడన్నాడు బావా? కాలికి కట్టుకుని మిషను తొక్కు. అడుగులు అదే లెక్కేసుకుంటుంది" అన్నాడు.

లెక్కేసుకుంది. మొదటిరోజే నలభై వేలు. కంపెనీవారు మురిసిపోయి ఫోనుకు బంగారు పతకం బొమ్మ పంపారు. దర్జీగారు అంతకంటే మురిసిపోయి, మిషనుకు బిగించి, ఆ రోజుకు ఆపి ఉంచిన మోటారును ఏకంగా విప్పి అటక మీద పడేశారు. మోటారు తిరిగితే అడుగులు రావు, అడుగులు రాకపోతే తగ్గింపు రాదు. ఇలా ఆరు నెలలపాటు ఆరోగ్యం కోసం తొక్కి తొక్కి, కుడి మోకాలు అరగదీసుకున్నారు.

కీలు మార్చాల్సిందేనన్నాడు డాక్టరు. ఆలస్యం చేస్తే నిలబడి గుడ్డ కత్తిరించడం కూడా కుదరదన్నాడు. ఆ మాటకు దర్జీగారికి నిజంగా భయం వేసింది. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆ కత్తెరే. ఆపరేషన్ ఖర్చు విన్నాక, అటువంటి కాళ్ళు కొన్ని అమ్ముకుంటే తప్ప ఒకటి బాగుచేయించుకోలేమని అర్థమైంది. బీమా ఉందిగదా అనే ధైర్యంతో అనుమతి కోసం రాశారు. జవాబు అరగంటలో వచ్చింది.

‘రోజుకు ముప్పై కిలోమీటర్లు నడుస్తున్న మోకాలికి ఆపరేషన్ అవసరం లేదు. అభినందనలు.’

దర్జీగారి భార్య కంపెనీకి ఫోన్ చేసింది. ఒకటి నొక్కమన్నారు, నొక్కింది. నాలుగు నొక్కమన్నారు, నొక్కింది. నలభై నిమిషాలు పాట వినిపించాక ఒక మనిషి దొరికాడు. వచ్చే ఆదివారం రోజంతా వాచీ తీయకుండా ఉంచుకోవాలనీ, అడుగులు వెయ్యి దాటకపోతే దరఖాస్తు మళ్ళీ చూస్తామనీ, దాటితే ఇక రాయవద్దనీ చెప్పి పెట్టేశాడు.

"ఇంట్లో ఉంటే మీరు కూర్చోరు" అంది ఆవిడ. "బడులు తెరిచే రోజులు. ఆ యూనిఫాం గుడ్డల గుట్ట చూస్తే మీ కాలు దానంతటదే ఆడుతుంది."

"మరెక్కడ కూర్చోమంటావే?"

"సినిమాకి పోదాం అక్కా! మూడు గంటలు కదిలే పనే లేదు" అన్నాడు అప్‌డేట్, అప్పటికే ఫోనులో మూడు టిక్కెట్లు కొనేసి.

ఈసారి వాచీని బుద్ధిగా చేతికి కట్టుకుని, భార్య భుజం పట్టుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ దర్జీగారు హాలు చేరారు. సీట్లో కూలబడేసరికి నాలుగు వందల పది. పేలాల డబ్బా ధర అడిగి, ఆకలి తీరిపోయి, బొమ్మ మొదలయ్యేదాకా కదలకుండా కూర్చున్నారు.

కథలో హీరోకి మోకాలిలో తూటా దిగింది. వెంటనే మూడో అంతస్తు నుంచి దూకి నలభైమందిని తన్నాడు. "వీడిది ఏ బీమా కంపెనీయో" అని దర్జీగారు నిట్టూర్చారు. అంతవరకు బాగానే ఉంది. అసలు తంటా హీరోగారి చొక్కాతో వచ్చింది.

ఫైటింగులో ఎడమ భుజం దగ్గర చొక్కా పర్రున చిరిగింది. తర్వాతి క్షణంలో చూస్తే కుట్టు కూడా కనపడకుండా అతుక్కుపోయి ఉంది. వృత్తిలో ఉన్నవాడు ఎవడైనా ఎలా సహిస్తాడు? దర్జీగారు కుర్చీ చేతిమీద టపీమని చరిచారు.

"చూశావటే? ఇప్పుడే చిరిగింది!"

"సినిమా అండీ. చూడండి."

మళ్ళీ చిరిగింది, మళ్ళీ అతుక్కుంది. ఈసారి రెండు చరుపులు. మూడో గుండీ ఊడింది, పాటలో తిరిగొచ్చింది. రెండో సగంలో దర్జీగారు కథ వదిలేసి చొక్కానే చూశారు. వాచీ ఉన్న చేత్తో కుర్చీని, తొడను, పొరపాటున పక్కసీటు పెద్దమనిషి మోచేతిని ఎడాపెడా బాదారు. ఆ బాదుడునంతా వాచీ తన పద్ధతిలో రాసుకుంటూ పోయింది.

క్లైమాక్సులో భార్య చూపు ఆయన మణికట్టు మీద పడింది.

"ఏమండీ! పదకొండు వేలు!"

"ఎవరికి?"

"మీకే! కూర్చునే నడిచారు!"

దర్జీగారు బెదిరిపోయి ఒక్క ఉదుటున లేచారు. మోకాలు కలుక్కుమని సీట్ల మధ్య చతికిలబడ్డారు. వాచీ తెర వెలిగింది. ‘మీరు పడిపోయినట్టున్నారు. క్షేమమైతే పచ్చ గుర్తు నొక్కండి, సాయం కావాలంటే ఎర్ర గుర్తు నొక్కండి’ అని హాలంతా వినపడేలా చెప్పింది.

"నేను ఆపుతా ఉండు బావా. దేన్నయినా ఆపేది ఎర్రదే!" అంటూ అప్‌డేట్ చీకట్లో మీదపడి నొక్కాడు.

పదిహేను నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది. కంపెనీవారు మోకాలికి చూపించని చురుకుదనం ఇక్కడ చూపించారు. ఇద్దరు మనుషులు స్ట్రెచరుతో లోపలికి వచ్చి, తనకేమీ కాలేదని మొత్తుకుంటున్న దర్జీగారిని పట్టీలతో బిగించారు. సినిమాకంటే ఇదే బాగుందని జనం లేచి ఫోన్లలో తీసుకున్నారు.

ఆసుపత్రిలో ఆయన కనపడిన ప్రతివారికీ ఒకే మాట చెప్పారు.

"నొప్పి మోకాలిదండీ."

"కంగారుపడకండి, అన్నీ చూస్తాం" అన్నాడు డ్యూటీ డాక్టరు. సాయంత్రానికి గుండె చూశారు, తల చూశారు, కాలేయం చూశారు, కళ్ళు కూడా చూశారు.

"మరి మోకాలో?" అని అడిగింది భార్య.

"దానికి మీ కంపెనీ అనుమతి లేదమ్మా."

ఆవిడ అక్కడే బల్లమీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది. దర్జీగారు ఆ ఏడుపు చూడలేక గోడవైపు తిరిగారు. అంతలో తలుపు తోసుకుని బీమా కంపెనీ అధికారి వచ్చాడు. అంబులెన్సు కదిలిన కేసులు అదేరోజు విచారించడం ఆయన పని. మొదటి అంతస్తుకు లిఫ్టులోనే వచ్చినా మనిషి రొప్పుతున్నాడు. ముందు పొట్ట వచ్చింది, తర్వాత ఆయన వచ్చాడు. ఫైలు చూశాడు, మోకాలి ఎక్స్‌రే చూశాడు, దర్జీగారిని చూశాడు.

"ఈ కాలితో గుమ్మం దాటడమే కష్టం. రోజుకు నలభై వేల అడుగులు ఎలా వేశారు? నిజం చెప్పండి."

ఇక దాచి లాభం లేదని దర్జీగారు అంతా చెప్పేశారు. వాచీ, కాలు, మిషను, అటక మీది మోటారు, హీరోగారి చొక్కా, ఏదీ వదల్లేదు.

"అబద్ధం ఆడలేదు సార్. కాలు కదిలిన మాట నిజం. మనిషే కదల్లేదు."

అధికారి లేచి తలుపు గడియ పెట్టాడు. అప్‌డేట్ పోలీసులే వస్తారనుకుని మంచం వెనక్కి జరిగాడు. అధికారి తన చొక్కా చేతిని పైకి మడిచాడు. లోపల అదే వాచీ. ఆరు వందల పన్నెండు అడుగులు.

"మాకూ పెట్టారండీ" అన్నాడు నీరసంగా. "రోజుకు పదివేలు దాటకపోతే ప్రమోషన్ లేదు. మూడేళ్ళుగా ఆగిపోయింది. మీ మిషను ఎన్నింటిదాకా నడుస్తుంది?"

"వాచీ ఇచ్చి వెళ్ళండి సార్, మా అక్క కట్టుకుని..." అన్నాడు అప్‌డేట్.

"నువ్వు నోర్మూసుకో! ఇక నా మోకాళ్ళు కూడా పోవాలా?" అని కసిరి, భార్య కళ్ళు తుడుచుకుని అధికారివైపు తిరిగింది. "మీ అడుగులు మీరే వెయ్యండి సార్. ఈయన మంచం మీద ఉన్నన్నాళ్ళూ మాకూ తొక్కే మనిషి కావాలి. మీకు అడుగులు, మాకు యూనిఫాంలు."

అధికారి పెన్ను తీసి ఆపరేషన్ అనుమతి మీద సంతకం పెట్టాడు.

బుధవారం దర్జీగారికి కొత్త కీలు పడింది. గురువారం నుంచి అధికారి ఆఫీసయ్యాక నేరుగా వాళ్ళ ఇంటి ముందుగది దుకాణానికి వచ్చి, టై వదులు చేసుకుని, కాలికి వాచీ కట్టుకుని మిషను ముందు కూర్చునేవాడు. దర్జీగారి భార్య పక్కన నిలబడి గుడ్డ నడిపేది. "ఆపండి సార్! కాలరు దాటి వెళ్ళిపోయారు!" అని ఆవిడ అరిస్తే వీధి చివరిదాకా వినపడేది. ఆసుపత్రి నుంచి ఇల్లు చేరాక దర్జీగారు మంచంమీద నుంచే కుట్టు వంకర్లు చూపించి, ఒక పెద్ద ఉద్యోగిచేత నిక్కర్లు విప్పించి మళ్ళీ కుట్టించేవారు. ఇంత హాయిగా ఆయన ఎన్నడూ లేరు.

మూడో నెలలో అధికారికి ప్రమోషన్ వచ్చింది. దాంతోపాటే, రోజుకు పాతిక కిలోమీటర్లు నడిచే మనిషికి కారెందుకని ఆఫీసు కారు వెనక్కి తీసుకున్నారు.