ఇంకో టేకు, ఆదిమూలన్నా!

మానవ హక్కులను కాపాడేది చట్టమని ఎవరన్నారు? కోర్టులా? కలెక్టరాఫీసులా? కాదు మహాప్రభో! దరఖాస్తు ఫారం! అందులోనూ నలభై మూడు ప్రశ్నలున్న ఫారం. నమ్మకపోతే తమిళనాడులోని అత్తిమంజేరిపేటకు వెళ్లి, మగ్గం నేసే చంద్రావతిని అడగండి.

ఆమె వీధిలో పొద్దున్నే పడుగు చాస్తారు. మగ్గానికెక్కించే నూలుపోగులను వీధి పొడవునా లాగి కట్టి, గంజి పట్టించి ఆరబెడతారు. తాతల నాటి పద్ధతి. ఆ వీధికి అడ్డంగా, అదే వీధిలో ఉండే ఆదిమూలం ఇనుప గేటు పెట్టించాడు. గేటు అవతల సగం వీధి తన కారుకట! వీధి సగమైతే పడుగు చాచేది ఎక్కడ? పడుగు లేకపోతే మగ్గం ఆడేది ఎలా?

అర్జీలు పెట్టీ పెట్టీ విసిగి, చంద్రావతి ఫోనుతో తొమ్మిది నిమిషాల సినిమా తీసింది. తిరువళ్ళూరులో ఒక కల్యాణమండపంలో జరిగే చిన్న మానవ హక్కుల చిత్రోత్సవానికి పంపుదామని మేనకోడలు యశస్విని ఫారం తెరిచింది. దర్శకుడి జీవితచరిత్ర మూడు వందల మాటల్లో. దర్శకుడి తత్వం రెండు వందల్లో. గంజి పెట్టే చేతికి తత్వం లేకపోతే ఎలా చెప్పండి! "పోగు తెగితే ముడేస్తాను" అని చంద్రావతి రాయించింది.

ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర బండి ఆగింది. తెరమీద కనిపించే ప్రతి ఒక్కరి సమ్మతి సంతకం కావాలట. అంటే హక్కు పోయినవాడిదే కాదు, పోగొట్టినవాడిదీ! దొంగతనం కేసు పెట్టాలంటే ముందు దొంగ ఒప్పుకోవద్దూ? ఎంత మర్యాద!

చంద్రావతీ మర్యాదస్తురాలే. ఫారం పట్టుకుని నేరుగా ఆదిమూలం ఇంటికే వెళ్లింది.

"అన్నా, ఒక సంతకం పెట్టు."

"ఏంటికి?"

"నువ్వు మా వీధి మూసేసినావని సినిమా తీసినాము."

ఆదిమూలం కళ్లెర్రజేశాడు. ఆపైన గొంతు తగ్గించి, "దాంట్లో నేను యాడ వస్తా?" అన్నాడు.

"నాలుగో నిమిషంలో. అరస్తావు."

ఫోను లాక్కుని చూసుకున్నాడు. "బనీనుతో ఉండానే! అసింగం, చూసేదానికే బాలేదు. మళ్లీ తియ్యమ్మా, కండిప్పా సంతకం పెడతా, తప్పేదే లేదు."

మర్నాడు పట్టుచొక్కా వేసి, మీసం దువ్వి, గేటు బార్లా తెరిచి వచ్చాడు. సినిమా అన్నాక ఎంట్రీ ఉండాలిగా! గేటు తెరుచుకోవడమే ఆలస్యం, ఆడవాళ్లు పడుగును అందులోంచి వీధి చివరిదాకా లాగి కట్టేశారు. ఇక గంజి ఆరేదాకా దాన్ని ఎవరూ దాటకూడదు. ఆదిమూలం తల్లి కూడా పాటించిన కట్టుబాటు అది. మరి గేటు మూసేదెలా? పాపం, ఎండలో నిలబడి అరిచాడు. బాగానే అరిచాడు.

"కోపం చాలలేదన్నా," అంది చంద్రావతి. "రేపు ఇంకో టేకు తీద్దాం."

ఇప్పటికి ఇరవై రెండు టేకులయ్యాయి. రోజూ గేటు తెరుచుకుంటోంది, రోజూ పడుగు నిండుగా ఆరుతోంది. నిజానికి సంతకం మొదటిరోజే పడింది. యశస్విని ఆ మొదటి టేకునే కలిపి సినిమా పంపేసింది కూడా. ఆ మాట ఆదిమూలానికి చెప్పలేదు, అంతే.

నిన్న చిత్రోత్సవం వాళ్ల నుంచి జవాబొచ్చింది. "చిత్రంలో గేటు తెరిచే ఉంది. హక్కుల ఉల్లంఘన ఏదీ కనిపించలేదు. శుభాకాంక్షలు!"

నిజమే కదా! సొంత వీధిలో పడుగు ఆరేసుకోవడానికి ఒక మనిషి రోజూ సినిమా తీయాల్సి వస్తే, అది ఉల్లంఘన ఎలా అవుతుంది? అది కళ!

ఈ జవాబు సంగతి మాత్రం ఆదిమూలం చెవిన వేయకండి. మీకు పుణ్యముంటుంది. రేపు పొద్దున పడుగుంది.