కట్టకు కన్నం

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే, ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివరివాళ్లు "చిరంజీవ" అనేసరికి తుమ్మినవాడికి మునిమనవలు పుట్టేవారు, అలాంటి అడవిలో బొద్దెమ్మ అనే పందికొక్కు ఉండేది. వాగు పక్కన ఉన్న మెరకదిబ్బలో దాని కలుగు. కడుపు చూస్తే గుమ్మటం, నోరు చూస్తే తప్పెట.

ఏటా వానాకాలంలో ఆ వాగు అత్తగారిలా అడవిలోకి వచ్చేది. పులీ లేడీ అన్న తేడా లేకుండా అందరూ దిబ్బెక్కి కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. ఆవిడ నాలుగు రోజులుండి, ఇల్లంతా తడిపి, ఇంత ఒండ్రు పెట్టి వెళ్లిపోయేది. ఆ ఒండ్రులో మొలిచిన గడ్డి ఏనుగు వీపు గోకేది.

అలా ఉండగా ఏనుగు సర్పంచి అయ్యాడు. పక్క అడవికి వాగు పొడవునా కట్ట ఉందని విన్నాడు. అంతే, చెరుకు కూడా సయించలేదు.

"వాళ్లకుంది, మనకు లేదు. తలెత్తుకు తిరిగేదెలా?" అన్నాడు సభలో.

"మట్టి దగ్గర్లోనే ఉంది దొరా," అంటూ కార్యదర్శి నక్క దిబ్బ వైపు తోక చూపించింది.

"దిబ్బ తవ్వేస్తే వరదొచ్చినప్పుడు ఎక్కడికెక్కుతాం?" అంది బొద్దెమ్మ.

"కట్టుండగా వరదెందుకొస్తుందే, పిచ్చిమొహమా!" అంది నక్క.

సభంతా చప్పట్లు. దిబ్బ పోయింది, కట్ట లేచింది. ఎంత ఎత్తంటే, చందమామ దాన్ని దాటేటప్పుడు పంచె ఎగ్గట్టుకునేవాడు.

ఇల్లు పోయిన బొద్దెమ్మ తన మట్టి ఎక్కడికి పోతే అక్కడికే పోయింది. కట్టలోనే కలుగు తవ్వి పిల్లల్ని పెట్టింది. నక్క కంట పడనే పడింది.

"కట్టకు కన్నమా! అడవిద్రోహీ!"

"మా దిబ్బ మట్టే కదా బాబూ. దాంతోపాటు నన్నూ మోసుకొచ్చారనుకో."

"మొదటి వాన పడగానే పిల్లాజెల్లాతో వాగవతలికి నడు. ఇది సభ తీర్మానం."

బొద్దెమ్మ కలుగులోకి తొంగి చూసింది. పిల్లలింకా కళ్లు తెరవలేదు. వాగవతలంతా గద్దల రాజ్యం.

మొదటి వాన పడింది. పడిందంటే, ఎవరో ఆకాశాన్ని గంగాళంలా బోర్లించినట్టే. వాగు పొంగి కట్టను ఢీకొట్టి, లోపలికి రాలేక, అలిసి తగ్గిపోయింది. నక్క ఏనుగు మెడలో దండ వేసి, బొద్దెమ్మ వైపు తిరిగింది.

"ఇంకా చూస్తావేం? మూట సర్దు."

బొద్దెమ్మ పిల్లల్ని నోట కరుచుకుంటుండగా వెనక నుంచి హోరు వినిపించింది. అడవి వెనకున్న కొండ మీది నీళ్లన్నీ వాగులో కలుద్దామని దిగొచ్చి, కట్ట దగ్గర ఆగిపోయాయి. అత్తగారు ఈసారి పెరటివైపు నుంచి వచ్చింది. వెళ్దామంటే వీధితలుపుకి గొళ్లెం!

ఎక్కడానికి దిబ్బ లేదు. జంతువులన్నీ కట్ట మీదే బారులు తీరాయి. ఏనుగు అడుగు వేసినప్పుడల్లా కట్ట పెళ్లలు పెళ్లలుగా ఊడుతోంది. నీళ్లు గిట్టలకు తగిలాయి.

"బొద్దెమ్మక్కా," నక్క గొంతు తేనెలో నానింది, "ఒక్క చిన్న కన్నం..."

"హవ్వ! నేరం కాదుటయ్యా?"

"మా వదినవి కాదూ!"

"ఇందాక అక్కని, ఇప్పుడు వదిననా? నీళ్లింకాస్త పెరిగితే అమ్మమ్మనవుతానేమో! ముందు ఆ తీర్మానం రద్దు చేయించు. అందరూ వినాలి."

"రద్దు! రద్దు!" ఏనుగు పెట్టిన ఘీంకారానికి మబ్బులు రెండు చిరిగాయి.

"మరి మా దిబ్బో?"

"పోయిస్తాను తల్లీ, ముందు కానియ్!"

బొద్దెమ్మ చుట్టాలందరినీ పిలిచి పళ్లకు పని చెప్పింది. అవి పెట్టిన కన్నం పిడికెడే. నీళ్లు దాన్ని సింహద్వారం చేసుకుని వాగులోకి దిగిపోయాయి. ముందు నిలబడి ఆజ్ఞలిస్తున్న నక్క అందులోంచి కొట్టుకుపోయి అవతల తుమ్మచెట్టుకి తగులుకుంది. తోక బొచ్చంతా ఊడి ములక్కాడలా తేలింది. విరిగిన కట్ట మట్టి కుప్పపడి మళ్లీ దిబ్బయింది. సర్పంచికి ఆ శ్రమా తప్పింది.

వారం తిరక్కుండానే ప్రారంభోత్సవం పెట్టారు. గండి పక్కన, కొత్త దిబ్బ మీద, "ముందుచూపుతో నిర్మించిన నీటిదారి" అని రాతిపలక. దాని మీద ఏనుగు పేరు, నక్క పేరు. అడుగున చిన్న అక్షరాలతో ఇంకో ముక్క: "ఇక్కడ తవ్వరాదు."

బొద్దెమ్మ సరిగ్గా ఆ పలక కిందే కలుగు తవ్వుకుంది. "నీడ చల్లగా ఉందర్రా," అంది, అప్పుడే కళ్లు తెరిచిన పిల్లలతో.

నీతి: కట్టకు కన్నం పెట్టడం మహాపాపం, పుణ్యం కావాలంటే దాని పక్కన రాతిపలక కూడా పెట్టాలి.