కొబ్బరిచెట్టు సిలబస్‌లో లేదు

లెక్కలు రావాలంటే ముందు లెక్కలు చెయ్యడం మానెయ్యాలి!

ఇది నా సొంత మాట కాదు. అమలాపురంలో పదో తరగతి పిల్లలకు పద్దెనిమిదేళ్లపాటు ట్యూషన్ చెప్పిన నారాయణమూర్తి మాస్టారి మాట. ఆలోచిస్తూ కూర్చునేవాడికి టైము చాలదు. టైము చాలనివాడు పాసవడు. పాసవనివాడికి లెక్కలు వచ్చినా రానట్టే. ఇందులో తప్పు పట్టగలవారు ఎవరైనా ఉంటే ముందుకు రండి!

చూశారా, ఎవరూ రాలేదు.

మాస్టారి పద్ధతి మహా తేలిక. పొద్దున్నే ఐదింటికల్లా నలభైమంది పిల్లలూ ఆయన వీధరుగు మీద చేరాలి. గైడులో ఆయన టిక్కు పెట్టిన లెక్కలు అరవై ఉంటాయి. వాటిని మొదటి ముక్క నుంచి చివరి "కావున" దాకా గొంతెత్తి వల్లించాలి. పెన్సిలు మాత్రం ముట్టుకోకూడదు. పెన్సిలు చేతిలో ఉన్నవాడికి తనంతట తాను ఏదో చేసి చూద్దామన్న దుర్బుద్ధి పుడుతుందని మాస్టారి అనుభవం.

దీనివల్ల వీధికి ఎంత మేలు జరిగిందో తెలుసా? ఎదురింట్లో అంట్లు తోమే వీరాయమ్మకు వేలిముద్ర తప్ప సంతకం రాదు. ఆరేళ్లు ఆ గోల వింటూ గిన్నెలు తోమేసరికి పైథాగరస్ సిద్ధాంతం మొత్తం నోటికి వచ్చేసింది. ఒకరోజు ఎవరో పిల్లాడు మధ్యలో తడబడితే, చేతిలో బొగ్గుమసి కూడా కడుక్కోకుండా గేటు దగ్గరికి వచ్చేసింది.

"దత్తాంశం అయ్యేక సారాంశం చెప్పాలి బాబూ, అది మింగేసేవు!"

వయోజన విద్య అంటూ ప్రభుత్వం ఊరూరా లాంతర్లు పంచింది గదా, ఒక్క వీరాయమ్మనైనా తయారు చేసిందా?

ఇక డౌట్లు. డౌటు జలుబులాంటిదని మాస్టారి అభిప్రాయం. ఒకరికి వస్తే అరుగంతా అంటుకుంటుంది. పద్దెనిమిదేళ్లలో ఆ అరుగు మీద డౌటు అడిగిన మనిషి ఒక్కతే. ఆ అమ్మాయి పేరు లీలావతి. సంవత్సరం పందొమ్మిదివందల డెబ్బై ఎనిమిది.

లీలావతి తండ్రి సీమోను కొబ్బరి దింపు తీస్తాడు. అంటే చెట్టెక్కి కాయలు కోసి దింపడం. తల్లి మార్తమ్మ పీచు షెడ్డులో నానిన కొబ్బరి డొక్కలు దంచి పీచు తీస్తుంది. వాళ్ల పేటలో పదో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల లీలావతే. పాసైతే టీచరు ట్రైనింగుకు వెళ్తుంది. తప్పితే తల్లి పక్కన రోకలి పట్టుకుంటుంది. మార్తమ్మ అరచేతులు రోజూ చూస్తున్న పిల్లకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

పాపం, ఆ పిల్లకు చిన్నప్పుడే ఒక చెడు అలవాటు అంటుకుంది. తప్పు తండ్రిది. ముసలి చెట్టు ఏదైనా కొట్టాల్సి వస్తే సీమోను ముందు ఓ కర్ర నేలలో పాతేవాడు. కర్ర నీడ కర్రంత అయ్యేదాకా చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు. అయిన క్షణాన లేచి చెట్టు నీడను అడుగులతో కొలిచేవాడు.

"ఇంతేనమ్మా చెట్టు. పాక మీద పడదు. అటేపు పడగొట్టేయొచ్చు."

తప్పు కొలిస్తే పక్కింటి పెంకులు లేచిపోతాయి. ముప్పై ఏళ్లలో ఒక్క పెంకు లేవలేదు. అయినా ఇది విద్య ఎలా అవుతుంది? ఇందులో "కావున" ఎక్కడుంది?

ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల త్రికోణమితి రోజున లేచి నిలబడింది.

"మాస్టారండీ, ఈ సైనూ టానూ అంటే అసలేంటండీ?"

ఎదురింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మాస్టారు కోప్పడలేదు. జ్వరం వచ్చిన పిల్లను చూసినట్టు జాలిగా చూశారు.

"అది పబ్లిక్‌లో అడగరమ్మా. కూర్చో."

మార్చిలో పబ్లిక్ పరీక్ష వచ్చింది. ప్రశ్నపత్రం చూసి ఒక్క లీలావతికి తప్ప అందరికీ చెమటలు పట్టాయి. కారణం? గైడులో ఉన్నది సముద్రంలో ఓడలకు దారి చూపే దీపస్తంభం. సూర్యకాంతి నేలతో ముప్పై డిగ్రీల కోణం చేస్తుంటే దాని నీడ ముప్పై రూట్ మూడు మీటర్లు, ఎత్తు ముప్పై మీటర్లు. అది నిద్రలో లేపినా చెబుతారు. కానీ పేపర్లో నీడ పన్నెండు రూట్ మూడు మీటర్లు. పైగా అది దీపస్తంభం నీడ కాదు, కొబ్బరిచెట్టు నీడ!

పుట్టినప్పటి నుంచీ కొబ్బరిచెట్ల కింద తిరిగిన పిల్లలు. దీపస్తంభాన్ని ఒక్కరూ చూసి ఎరగరు. కొబ్బరిచెట్టు తెలియదు గనక ముప్పై తొమ్మిదిమంది దీపస్తంభమే రాసి వచ్చారు.

"చెట్టొస్తుందని మాకు చెప్పలేదేంటండీ?" అని బయట మాస్టారి మీద పడ్డారు.

"దీపస్తంభం మొత్తం రాసేరా?"

"ఆయ్, రాసేమండీ."

"మరింకేం. స్టెప్పులకి మార్కులుంటాయి."

ముప్పై మీటర్లంటే వంద అడుగుల చెట్టు. ఆ సంగతి విని సీమోను, "అంత చెట్టెక్కితే కాయలు కాదండీ, మబ్బులు దింపుకోవాలి," అన్నాడు.

లీలావతి మాత్రం ఆ ప్రశ్న చూసి ముఖం ఇంత చేసుకుంది. లెక్కల్లో తనకు తెలిసిన వస్తువు ఎదురుపడటం అదే మొదటిసారి. చెట్టు గీసింది. నీడ గీసింది. కాసేపు చూసింది. కాలవ గట్టున నిలబడితే నీళ్లలో కనిపించినట్టు అదే చెట్టును తలకిందులుగా కింద ఇంకోటి గీసింది. మూడు వైపులా సమానమైన త్రిభుజం వచ్చింది! అక్కడి నుంచి మెల్లగా పట్టుకొచ్చి పన్నెండు మీటర్లని తేల్చింది. ఎవరూ చెప్పకుండా తేల్చింది. ఆ హాల్లో ఆ పిల్లకు కలిగిన సంతోషం మళ్లీ జన్మలో కలగలేదు.

తల ఎత్తేసరికి నలభై నిమిషాలు అయిపోయాయి. తరవాతి పేజీ ముట్టుకోకముందే గంట కొట్టారు.

తలకిందుల చెట్టుకు ఎన్ని మార్కులు వేశారో ఆ దిద్దినవారికే తెలియాలి. లీలావతికి మొత్తం ముప్పై మూడు వచ్చాయి. ముప్పై ఐదు వస్తే పాసు. దీపస్తంభం రాసినవాళ్లలో ముప్పై ఎనిమిదిమంది గట్టెక్కారు. ఇప్పటికైనా ఒప్పుకుంటారా మాస్టారు గొప్పవారని?

ఆ వేసవంతా లీలావతి షెడ్డులో పీచు దంచింది. రెండో వారానికే అరచేతులు పుళ్లు పడ్డాయి. జులైలో మళ్లీ అరుగు మీదికి వెళ్లి కూర్చుంది. ఈసారి పెన్సిలు తీసుకెళ్లలేదు. సెప్టెంబరు పరీక్షలో డెబ్బై ఒకటి!

ఇప్పుడు సంవత్సరం తొంభై. రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో లీలావతిగారు లెక్కల టీచరు. మూడేళ్లుగా ఆమె క్లాసులో ఒక్కరూ తప్పలేదు.

మొన్న ఫిబ్రవరిలో ఆ స్కూలు ఆవరణలో కొబ్బరిచెట్టు ఒకటి క్లాసుల మీదికి ఒరిగింది. కొడితే ఎందాకా పడుతుందో స్టాఫులో ఎవరికీ తెలియలేదు. హెడ్మాస్టరు సూర్యనారాయణగారు సీమోనును పిలిపించారు. కూతురి దగ్గరే ఉంటున్న ముసలాయన వచ్చి, కర్ర పాతి, చుట్ట ముట్టించి కూర్చున్నాడు.

లోపల లీలావతిగారి క్లాసు దీపస్తంభం వల్లిస్తోంది. కిటికీ పక్కనున్న కామాక్షి అనే పిల్ల లేచి నిలబడింది.

"టీచరండీ, ఆ తాతగారు కర్ర పాతి ఏం చూస్తున్నారండీ? నీడకీ చెట్టుకీ ఏంటండీ సంబంధం?"

లీలావతిగారు కిటికీలోంచి చూశారు. సీమోను అప్పుడే లేచి, ఎండలో ఒక్కొక్క అడుగే వేస్తూ నీడను కొలుస్తున్నాడు. కూతురు కనబడగానే నవ్వి చెయ్యి ఊపాడు. ఆమెకు పిల్లలందరినీ బయటికి తీసుకుపోవాలనిపించింది. నిజంగానే అనిపించింది. చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టారు కూడా.

బోర్డు మీద ఇంకా నలభై రెండు లెక్కలు మిగిలి ఉన్నాయని రాసుంది. పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయి.

"కిటికీ మూసెయ్యమ్మా," అన్నారు. "అది పబ్లిక్‌లో అడగరు. కూర్చో."

ఈ ఏడు కూడా ఆమె క్లాసంతా పాసైంది. చెట్టు సీమోను చెప్పిన చోటే పడింది.